రాయితో పాటు వచ్చింది పగడమేనా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మేము ఆస్టిన్‌లో ఉంటాం. ఇంట్లో 40 గ్యాలన్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టి పది నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, నాలుగు నత్తలు ఉన్నాయి. ఫ్లోరిడా సముద్రంలో పెంచిన లైవ్ రాక్ (చిన్న చిన్న జీవులు అతుక్కుని ఉన్న రాయి) 20 పౌండ్లు తెప్పించి వేశాం. నెల క్రితం పెద్ద రాయి అడుగున, నీడపట్టున, శనగగింజంత గోధుమరంగు బొట్టు కనిపించింది. పగలు ముడుచుకుని ఉంటుంది. రాత్రి లైట్లు ఆరిపోయాక గాజులాంటి మీసాలు బయటికొస్తాయి. వాటి నిండా తెల్లటి చుక్కలు. ఇప్పుడు దాన్ని ఆనుకునే ఇంకో రెండు పుట్టాయి. షాపులో ఫోటో చూపిస్తే, అది ఐప్టేసియా అనే కలుపు, ఇప్పుడే చంపకపోతే ట్యాంకంతా ఆక్రమిస్తుంది అని మందు సీసా చేతిలో పెట్టారు. తెలిసినవాళ్లొకరేమో రాయిని తీసి వేడినీళ్లలో మరిగించమన్నారు. తొమ్మిదేళ్ల మా బాబు దానికి బుజ్జి అని పేరు పెట్టుకున్నాడు, చంపొద్దని ఏడుస్తున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. అది పగడమా, కలుపా? ఏం చేయమంటారు? ఫోటోలు జతచేశాను.
– ఒక పాఠకురాలు, ఆస్టిన్, టెక్సస్

జవాబు: అమ్మా, అన్నిటికన్నా ముందు ఒక్క మాట. రాయిని మరిగించొద్దు. వేడినీళ్లు పోసి బ్రష్‌తో రుద్దొద్దు కూడా. లైవ్ రాక్ మీద పాలిథోవా అనే జీవులు ఉండొచ్చు. చొక్కా గుండీల్లా గుంపుగా అతుక్కుని ఉంటాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటిలో కొన్నిటి ఒంట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి దీవుల్లో దొరికిన ఒక రకం నుంచి దీన్ని మొదటిసారి వేరుచేశారు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఇదొకటి. వండితే పోయేది కాదు. రాయిని మరిగిస్తే ఆవిరితో పాటు గాలిలోకి లేస్తుంది. అలా చేసి దగ్గు, జ్వరం, ఊపిరాడకపోవడంతో ఇంటిల్లిపాదీ ఆసుపత్రిలో చేరిన సందర్భాలు ఉన్నాయి. ట్యాంకులో చెయ్యి పెట్టినప్పుడల్లా గ్లవ్స్ వేసుకోండి. వేలికి గాయం ఉంటే అసలు పెట్టొద్దు. బాబుకి కూడా ఇది ఇప్పుడే నేర్పండి. మీ రాయి మీద పాలిథోవా ఉందని అనడం లేదు, ఫోటోల్లో నాకు కనిపించలేదు. అయినా ఈ అలవాటు ఉండాలి.

ఇక బుజ్జి సంగతి. మీ నాలుగు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. మూడో ఫోటో, అంటే పగలు ముడుచుకుని ఉన్నప్పుడు పక్కనుంచి తీసినది, నా అనుమానం తీర్చేసింది. చర్మం కింద అంచు చుట్టూ సన్నటి గీతలు, బండిచక్రం ఆకుల్లాగా, మధ్యలోకి దిగుతున్నాయి చూడండి. అవి రాతి పలకలు. మెత్తటి ఒంటి జీవికి అలాంటివి ఉండవు. మీ బుజ్జి పగడమే. దాన్ని ఇక్కడివాళ్లు హిడెన్ కప్ కోరల్ అంటారు. దాక్కునే గిన్నె పగడం అనుకోండి. శాస్త్రీయ నామం ఫిలాంజియా అమెరికానా. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, కరీబియన్ సముద్రంలో రాళ్ల అడుగున, సందుల్లో, వెలుతురు తగలని చోట ఉంటుంది. ఒక్కో గిన్నె సెంటీమీటరు వెడల్పు, అంతే.

అది మీ ఇంటికి ఎలా వచ్చిందో చెబితే మీకు ఇంకా ధైర్యం వస్తుంది. ఫ్లోరిడా దగ్గర ఫెడరల్ జలాల్లో సహజమైన లైవ్ రాక్ తీయడాన్ని 1997 నుంచి ఆపేశారు. అప్పటినుంచి పెంపకందార్లు గనుల్లోంచి తెచ్చిన సున్నపురాయిని సముద్రంలో లీజుకు తీసుకున్న చోట దింపి, కొన్నేళ్లు అలాగే వదిలేసి, తర్వాత పైకి తీస్తారు. ఈలోగా నీళ్లలో ఈదుతూ తిరిగే రకరకాల పిల్ల జీవులు ఆ రాయి మీద వాలి ఇల్లు కట్టుకుంటాయి. పగడాల పిల్లలూ అంతే. ప్లానులా అంటాం, ఆవగింజ కన్నా చిన్నది. అది ఒకసారి రాయికి అతుక్కుందంటే ఇక జన్మంతా అక్కడే. మీ బుజ్జి కూడా గల్ఫ్‌లో ఆ రాయికి అతుక్కుని, రాయితో పాటే పెట్టెలో మీ ఇంటికి చేరింది. పది నెలలుగా మీ ట్యాంకులోనే ఉంది, మీ కంట పడటానికి ఇన్నాళ్లు పట్టింది.

షాపువాళ్లు పొరబడటంలో వింత లేదు. రాతి మీద గోధుమరంగు ఒళ్లు, పైన గాజు మీసాలు అంటే ఎవరికైనా మొదట ఐప్టేసియానే గుర్తొస్తుంది. అది సముద్రపు ఆనిమోన్ జాతి, రాతి గిన్నె లేని మెత్తటి ఒంటి జీవి. దాని స్పర్శకాలు (మీరు మీసాలు అన్నవి) పొడుగ్గా, చివర సూదిలా ఉంటాయి. తాకితే చటుక్కున రంధ్రంలోకి దూరిపోతుంది, అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. పట్టపగలు లైటు కింద హాయిగా విచ్చుకుని ఉంటుంది. మీదేమో రాత్రిపూట విచ్చుకుంటోంది, స్పర్శకాల మీద తెల్లని చుక్కలున్నాయి. ఆ చుక్కలు దంశకణాల గుత్తులు, ఎరను కుట్టి పట్టుకోవడానికి.

ఇంకో గుర్తు ఉంది. పుస్తకాల్లో దీని గురించి పెద్దగా రాయరు గానీ నేను దీన్నే ఎక్కువగా నమ్ముతాను. కొత్తవి ఎక్కడ పుడుతున్నాయో చూడండి. ఐప్టేసియా జరిగినప్పుడల్లా పాదం నుంచి చిన్న తునకలు వెనక వదిలేస్తుంది. ఒక్కో తునక ఒక్కో ఆనిమోన్ అవుతుంది. ఆ పిల్లలు నీటి వాలుకు ట్యాంకులో ఎక్కడెక్కడికో పోతాయి, రేపు ఫిల్టర్ పెట్టెలో తేలతాయి, ఎల్లుండి అద్దం మీద. మీ పగడం అలా కాదు. అరటిచెట్టు మొదట్లో పిలక వేసినట్టు, తల్లి గిన్నె అడుగునుంచి పల్చటి పొర పాకి, దాని మీద పిల్ల గిన్నె లేస్తుంది. మీరు రాసిన "దాన్ని ఆనుకునే ఇంకో రెండు పుట్టాయి" అన్న మాట చదివినప్పుడే, ఫోటోలు తెరవకముందే, నాకు సగం తెలిసిపోయింది.

గల్ఫ్ రాయి మీద దీనికి ఇంకా దగ్గర పోలికగలది ఒకటుంది, సూడోకోరినాక్టిస్. అదీ రాత్రే విచ్చుకుంటుంది. కానీ దాని స్పర్శకాల చివర గుండుసూది తలలాంటి గుండ్రటి బంతులు, తెల్లవో నారింజవో, స్పష్టంగా కనిపిస్తాయి. మీ ఫోటోలో చుక్కలు పొడవునా చల్లినట్టు ఉన్నాయి, బంతులు లేవు. దానికి రాతి గిన్నె కూడా ఉండదు.

అన్నీ కలిపితే అసలు ప్రశ్న ఒక్కటే అమ్మా. మెత్తటి ఒంటి కింద రాయి ఉందా లేదా? ఈ ప్రశ్న అడగకుండా నేనొకసారి ఒక ప్రాణం తీశాను. అది మీకు చెప్పాలి.

కాకినాడలో 31 ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. హైడ్రా, ఓబీలియా, ఆనిమోన్, పగడం, అన్నీ బోర్డు మీద బొమ్మలు గీసి, ఫార్మలిన్ సీసాల్లో పాలిపోయిన నమూనాలు చూపించి చెప్పినవే. ప్రాణమున్న పగడపు పాలిప్‌ను (గిన్నెలో ఉండే మెత్తటి జీవిని) మొదటిసారి కళ్లారా చూసింది రిటైరయ్యాక, టాంపాలో మా అమ్మాయి ఇంటి అక్వేరియంలో. అది కూడా పగడమని తెలియకుండానే చూశాను. రాయి అడుగున అచ్చం మీ బుజ్జిలాంటిదే, ఒక్కటే. షాపులో అడిగితే ఐప్టేసియా, సున్నం పెట్టండి అన్నారు. మన తాంబూలంలో వేసుకునే సున్నమే ఇక్కడ అక్వేరియం వాళ్లు ముద్దగా కలిపి సిరంజితో ఆనిమోన్‌ల మీద పెడతారు. క్షారానికి ఒళ్లు కాలి చచ్చిపోతాయి. ఆ రాత్రి పంపులు ఆపి, చెయ్యి వణకకుండా, గుండ్రంగా ముద్ద పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న సున్నం కడిగేస్తే కింద తెల్లటి గిన్నె కనిపించింది. మా మనవరాలి చిటికెనవేలి గోరంత. లోపల పలకలు, ఆరు పెద్దవి, వాటి మధ్య చిన్నవి, వాటి మధ్య మరీ సన్నవి. షట్‌సౌష్ఠవం అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో! ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు అని పిల్లల చేత వల్లె వేయించాను. అదే లెక్క రాతిలో చెక్కి నా ముందుంది, నా చేత్తో కాల్చాక. ఆ గిన్నెను రాయి నుంచి విడదీసి, ఎండబెట్టి, అగ్గిపెట్టెలో దూది మీద పెట్టుకున్నాను. ఇప్పుడూ ఇది రాస్తుంటే బల్ల మీద ఉంది. మీలాంటి ఉత్తరం వచ్చిన ప్రతిసారీ అది తెరిచి, పక్కన పెట్టుకుని జవాబు రాస్తాను.

అందుకని మీరు నా మాట కూడా ఊరికే నమ్మొద్దు. ఇవాళ రాత్రి బాబూ మీరూ కలిసి చూసి తేల్చుకోండి. టార్చి మీద ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. తెల్ల వెలుతురు పడితే పగడం ముడుచుకుపోతుంది. ఎరుపును అంతగా పట్టించుకోదు. ట్యాంకు లైట్లు ఆరిన రెండు గంటలకు, పంపు ఆపి, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు చూడండి. భూతద్దం ఉంటే అద్దానికి ఆనించి పట్టుకోండి. తర్వాత గ్లవ్స్ వేసుకుని, పొడుగాటి పుల్లకి పళ్లపుల్ల కట్టి, దాని పక్కగోడకి మెల్లిగా ఆనించండి. నోటి మీద గుచ్చొద్దు. ముడుచుకున్నాక అంచు గట్టిగా తగులుతుంది, టిక్‌మన్నట్టు చేతికి తెలుస్తుంది. ఆనిమోన్ అయితే మెత్తగా లొంగి సందులోకి పోతుంది. ఒక్కసారి తాకితే ఆ తేడా ఇక మర్చిపోరు.

తిండి పెట్టి చూడటం మాత్రం పిల్లాడికి వదిలేయండి. గడ్డకట్టించి అమ్మే మైసిస్ అనే బుల్లి రొయ్య ఒకటి కరిగించి, పిప్పెట్‌తో తీసుకుని స్పర్శకాల మీదుగా జారవిడవాలి. రొయ్య తగిలిన చోట స్పర్శకం అతుక్కుపోతుంది. పక్కవి రెండు మూడు నెమ్మదిగా వంగి వస్తాయి. మధ్యలో సన్నటి గీతలా ఉన్న నోరు సాగుతుంది. పది నిమిషాలు ఓపిగ్గా చూస్తే రొయ్య తోకతో సహా లోపలికి పోతుంది, కడుపు కాస్త ఉబ్బుతుంది. మైసిస్ దొరక్కపోతే ఆర్టీమియా (హేచరీల్లో రొయ్యపిల్లలకు మేతగా వేసే బుల్లి ఉప్పునీటి జీవి) పిల్లలు వేయండి. నెల్లూరు, కాకినాడ వైపు రొయ్యల హేచరీలతో పరిచయమున్న మీవాళ్లు ఎవరున్నా ఆ పేరు చెబితే చాలు, గుడ్లు పొదిగించడం ఫోన్లోనే నేర్పేస్తారు. వారానికి రెండుసార్లు పెడితే సరిపోతుంది. పెట్టేటప్పుడు క్లౌన్ చేపలను ట్యాంకు రెండో వైపు మేతతో మరిపించండి, లేకపోతే నోటికాడ ముద్ద లాక్కుపోతాయి.

పెంచడానికి ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు. సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల సెల్సియస్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, ఆల్కలినిటీ 8, 9 డీకేహెచ్ దగ్గర నిలకడగా ఉంటే చాలు. మూడు చిన్న గిన్నెలు వాడుకునే కాల్షియం ఎంతని? వారం వారం పది శాతం నీళ్లు మారిస్తే తీరిపోతుంది. పాపం చీకట్లో ఉందని రాయిని తిప్పి వెలుతురులో మాత్రం పెట్టొద్దు. నాచు కమ్ముకుని చచ్చిపోతుంది. రేపు వేరే పగడాలు కొంటే వాటికీ దీనికీ నాలుగు వేళ్ల దూరం ఉంచండి. ట్యాంకును ఆక్రమించే గుణం దీనికి లేదు.

ఒకవేళ పుల్ల మెత్తగా దిగబడిందనుకోండి, అంటే నేనే పొరబడి అది ఐప్టేసియానే అనుకోండి, అప్పుడు గోకొద్దు, కోయొద్దు. ఒకటి పది అవుతుంది. మూడే ఉన్నాయి కాబట్టి పెప్పర్‌మింట్ రొయ్య ఒకటి తెచ్చి వేస్తే సరిపోవచ్చు. బెర్గియా అనే చిన్న సముద్రపు నత్త ఉంది, పెంకు ఉండదు, ఐప్టేసియా తప్ప ఇంకేదీ తినదు. ఐప్టేసియాను నేను అసహ్యించుకోను. పగడాలు వేడికి ఎందుకు తెల్లబడి చచ్చిపోతున్నాయో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో దాన్నే పెంచుతున్నారు. దాని ఒంట్లోనూ పగడాల్లో ఉండే లాంటి నాచే కాపురం ఉంటుంది మరి. కాకపోతే 40 గ్యాలన్ల ట్యాంకులో వదిలేయదగ్గది కాదు.

బాబుతో నోట్‌బుక్ ఒకటి పెట్టించండి. ఏ తేదీన ఎన్ని గిన్నెలు, ఎన్నింటికి విచ్చుకుంది, ఏం తిన్నది, అంతే. బొమ్మ కూడా గీయమనండి. ఒక్క పేజీ నాకు పంపిస్తే సంతోషిస్తాను.

ప్రశ్న: మాస్టారుగారూ, నేను హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. తెలిసినవారి దగ్గర పాత మెరైన్ ట్యాంకు కొన్నాను. అందులోని రాయి మీద చిన్న గట్టి పగడం పెరుగుతోంది. దాన్ని ముక్కలు చేసి పెంచి, స్నేహితులకి అమ్మొచ్చా? ఫోటో పంపితే రకం చెబుతారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బాబూ, ముక్కలు చేయొద్దు, అమ్మొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో 2001లో భిత్తికలు (సముద్రంలో పగడపు గట్లు, అంటే రీఫ్‌లు) కట్టే రాతి పగడాలన్నిటినీ చేర్చారు. నల్ల పగడం, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. చచ్చిన పగడపు ముక్క అమ్మినా నేరమే. అమెరికాలో ఉన్నవాళ్లకు నేను చెప్పే సలహాలు మీకు వర్తించకపోవడం అందుకే. మీరు తెలిసి చేసింది కాదు కాబట్టి, దాచకుండా అటవీశాఖ వారికి రాతపూర్వకంగా చెప్పి, వారు చెప్పినట్టు చేయండి. ముందుగా ఒక వకీలును కలిస్తే ఇంకా మంచిది.

మీ ఆసక్తి మీద నీళ్లు చల్లాలని కాదు. పగడాలను ఆ జాబితాలో చేర్చక ముందు మన్నార్ సింధుశాఖలో పగడపు రాళ్లను సున్నం కోసం, కట్టడాల కోసం పడవలకెత్తి తవ్వుకుపోయారు. గోడలకు వేసిన ఆ సున్నం ఎన్ని వేల ఏళ్ల పెరుగుదలో ఆలోచించండి. మన దేశంలో పెద్ద భిత్తికలు నాలుగు చోట్లే ఉన్నాయి: కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు, మంచినీళ్ల వల్ల మన తీరాన అంతటివి కట్టుకోలేదు. సెలవుల్లో రామేశ్వరం వైపు వెళ్లి, అనుమతి ఉన్న చోట గాజు అడుగు పడవ ఎక్కి చూడండి. రకం గుర్తుపట్టడం అక్కడ నేర్చుకోండి. ఫోటోలు అక్కడివి పంపండి, ఎన్నైనా చూస్తాను.

ప్రశ్న: మాస్టారూ, జ్యోతిష్కులు చెప్పారని పగడం ఉంగరం పెట్టుకున్నాను. మీరు ఎప్పుడూ రాసే అక్వేరియం పగడమూ ఇదీ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఒకే పెద్ద కుటుంబంలో దూరపు చుట్టాలమ్మా. అసలైన ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో పెరిగే కొరాలియం రూబ్రం. పై జవాబులో ఆరు, పన్నెండు అని లెక్కపెట్టానే, అది రాతి పగడాల లెక్క. మీ ఉంగరంలోది ఎనిమిది లెక్క శాఖ. సముద్రం లోపల, వెలుతురు అంతగా చేరని రాతి గుహల్లో, చిన్న ఎర్రటి చెట్టులా కొమ్మలు వేస్తుంది, ఏడాదికి మిల్లీమీటరు కూడా లావెక్కదు. మీ వేలికున్నది దాని ఎముక. బతికున్నప్పుడు ఆ ఎరుపు మీద మల్లెమొగ్గల్లా తెల్లటి పాలిప్‌లు విచ్చుకుని ఉండేవి, ఒక్కోదానికి ఎనిమిది స్పర్శకాలు, ఒక్కో స్పర్శకానికి రెండు వైపులా ఈకకున్నట్టు సన్నటి పీచులు.